వెబ్ సేవలలో సెషన్ కుకీ

సెషన్ కుకీ అనేది ఒక వెబ్ సర్వరు తన వద్దకు వచ్చిన క్లయింటును మరుసటి సారి గుర్తుపట్టడానికి ఇచ్చే చిన్న గుర్తింపు పాఠం. సర్వరు దీనిని తన ప్రతిస్పందనతో పాటు పంపుతుంది. క్లయింటు దానిని దాచుకొని, ఆ తరువాత చేసే అభ్యర్థనలలో తిరిగి చూపుతుంది. బ్రౌజరు వాడేవారికి ఈ ఇచ్చిపుచ్చుకోవడం కంటికి కనిపించదు, ఎందుకంటే ఆ పనిని బ్రౌజరే చేస్తుంది. కానీ ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును పిలిచే వెబ్ సేవలలో, కుకీని దాచి తిరిగి పంపే బాధ్యత చాలా సందర్భాలలో ఆ క్లయింటు ప్రోగ్రామును రాసినవారిదే. ఆ బాధ్యత నెరవేరని చోట లాగిన్ సజావుగా జరిగినట్లే కనిపించి, మరుసటి పిలుపులోనే "ముందు లాగిన్ కావాలి" అన్న సమాధానం వస్తుంది. అంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉన్నది: ఒకరి కుకీ మరొకరి పనికి వాడబడితే, ఒకరి వివరాలు మరొకరికి చేరిపోతాయి.

"సెషన్ కుకీ" అన్న మాటకు రెండు అర్థాలు వాడుకలో ఉన్నాయి. గడువు తేదీ లేకుండా వచ్చి, బ్రౌజరును మూసినప్పుడు తొలగిపోయే కుకీ అన్నది మొదటి అర్థం. సర్వరు వద్ద ఉన్న సెషన్‌కు చెందిన గుర్తింపు సంఖ్యను మోసే కుకీ అన్నది రెండవ అర్థం. ఈ వ్యాసంలో ప్రధానంగా రెండవ అర్థమే గ్రహించవలెను.

## నేపథ్యం

వెబ్‌కు ఆధారమైన హెచ్‌టీటీపీ నియమావళికి స్థితి లేదు. అంటే ప్రతి అభ్యర్థన దేనికదే స్వతంత్రమైనది. ఇప్పుడు వచ్చిన అభ్యర్థన, నిమిషం క్రితం లాగిన్ అయిన వ్యక్తిదేనని ఆ నియమావళి ద్వారా సర్వరుకు తెలియదు.

దీనిని ఆసుపత్రిలోని ఓపీ చీటీతో పోల్చవచ్చును. పెద్ద ఆసుపత్రిలో కౌంటరు వద్ద కూర్చున్న గుమాస్తా వచ్చిన ప్రతి రోగినీ గుర్తుపెట్టుకోలేడు. మొదటిసారి వచ్చినప్పుడు ఒక సంఖ్య వేసి చీటీ ఇస్తాడు. రోగి వివరాలన్నీ ఆసుపత్రి రికార్డులో ఉంటాయి, చీటీ మీద సంఖ్య మాత్రమే ఉంటుంది. మళ్ళీ వచ్చేటప్పుడు చీటీ తెస్తే పాత రికార్డు బయటికి వస్తుంది. చీటీ మరచి వస్తే గుమాస్తా కొత్త చీటీ రాస్తాడు, ఆ రోగి కొత్త రోగి అవుతాడు. చీటీ మరొకరి చేతిలో పడితే పాత రోగి రికార్డు వారి ముందు తెరుచుకుంటుంది.

సెషన్ కుకీ సరిగ్గా ఈ చీటీ వంటిదే. సెషన్ దోషాలలో అధిక భాగం చీటీ తేకపోవడం వలన గానీ, తప్పు చీటీ తేవడం వలన గానీ కలుగుతాయి.

## చరిత్ర

నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లి 1994లో వెబ్ కుకీని రూపొందించాడు. యూనిక్స్ ప్రోగ్రామర్లు ఒక ప్రోగ్రాము నుండి మరొక ప్రోగ్రాముకు యథాతథంగా అందించే చిన్న దత్తాంశాన్ని అప్పటికే "మ్యాజిక్ కుకీ" అని పిలిచేవారు. ఆ పేరు నుండే ఈ పేరు వచ్చినది. అంతర్జాల దుకాణంలో కొనుగోలుదారు ఎంచుకున్న వస్తువుల జాబితాను నిలుపుకోవలసిన అవసరం ఈ ఆవిష్కరణకు ప్రధాన కారణం.

కుకీలను ప్రామాణీకరించే మొదటి పత్రం ఆర్ఎఫ్‌సి 2109 1997 ఫిబ్రవరిలో వెలువడినది. 2000 అక్టోబరులో ఆర్ఎఫ్‌సి 2965 దాని స్థానంలోకి వచ్చి "సెట్-కుకీ2" అనే కొత్త శీర్షికను ప్రవేశపెట్టినది. అయితే అది ఆచరణలో నిలవలేదు. 2011 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్ఎఫ్‌సి 6265, బ్రౌజర్లు, సర్వర్లు నిజంగా ఎలా నడుచుకుంటున్నాయో చూసి ఆ నడవడికనే ప్రమాణంగా వ్రాసినది. ఈ వ్యాసంలో చెప్పిన నియమాలు ప్రధానంగా ఈ పత్రంలోనివే.

## పనిచేయు విధానం

హెచ్‌టీటీపీ సందేశంలో శీర్షికలు, విషయం అని రెండు భాగాలు ఉంటాయి. కుకీలు శీర్షికల భాగంలో ప్రయాణిస్తాయి. సర్వరు పంపే శీర్షిక పేరు "సెట్-కుకీ". క్లయింటు తిరిగి పంపే శీర్షిక పేరు "కుకీ". ఒక సాధారణ సంభాషణ ఈ క్రింది విధంగా ఉంటుంది. (నిజమైన సందేశాలలో ఇవన్నీ రోమన్ లిపిలో ఉంటాయి.)

మొదటి అభ్యర్థన: పోస్ట్ /సేవ/లాగిన్
మొదటి ప్రతిస్పందన: 200 ఓకే
సెట్-కుకీ: సెషన్‌ఐడి=ఎ1బి2; పాత్=/సేవ; సెక్యూర్; హెచ్‌టీటీపీఓన్లీ

రెండవ అభ్యర్థన: గెట్ /సేవ/ఖాతా
కుకీ: సెషన్‌ఐడి=ఎ1బి2
రెండవ ప్రతిస్పందన: 200 ఓకే

ఇందులో గమనించవలసిన విషయాలు రెండు. మొదటిది, క్లయింటు పేరును, విలువను మాత్రమే తిరిగి పంపుతుంది. పాత్, సెక్యూర్ వంటివి క్లయింటుకు ఇచ్చిన సూచనలే తప్ప తిరిగి పంపవలసినవి కావు. రెండవది, రెండవ ప్రతిస్పందనలో సెట్-కుకీ లేదు. ఇది దోషం కాదు. సర్వరు క్లయింటును గుర్తుపట్టినది కనుక మళ్ళీ చీటీ రాయవలసిన అవసరం లేదు. ప్రతి ప్రతిస్పందనలోనూ కుకీ ఉండాలని భావించి, రెండవ ప్రతిస్పందనలో అది కనిపించకపోతే సెషన్ పోయినదనుకోవడం కొత్తవారిలో తరచు కనిపించే పొరపాటు. సాధారణంగా వాస్తవం దీనికి విరుద్ధం. ప్రతి ప్రతిస్పందనలోనూ కొత్త విలువతో సెట్-కుకీ వస్తూ ఉంటే, సర్వరు ప్రతిసారీ క్లయింటును కొత్తవాడిగా భావిస్తున్నదేమో చూడవలెను.

సెషన్ కుకీ పేరు సర్వరు సాఫ్ట్‌వేరును బట్టి మారుతుంది. జావా సర్వర్లలో జెసెషన్ఐడి, పీహెచ్‌పీలో పీహెచ్‌పీసెస్ఐడి, ఏఎస్‌పీ డాట్ నెట్‌లో ఏఎస్‌పీ.నెట్_సెషన్ఐడి అన్నవి అలవాటుగా వచ్చే పేర్లు.

## కుకీ లక్షణాలు

* డొమైన్: ఏ సర్వర్లకు కుకీని పంపవచ్చునో తెలుపుతుంది. ఇది లేకపోతే కుకీని ఇచ్చిన సర్వరుకు మాత్రమే తిరిగి పంపవలెను.
* పాత్: ఆ సర్వరులో ఏ దారికి చెందిన అభ్యర్థనలకు కుకీ వర్తిస్తుందో తెలుపుతుంది. ఇది లేకపోతే, కుకీ వచ్చిన చిరునామాలో చివరి ఏటవాలు గీతకు ముందున్న భాగాన్ని పాత్‌గా తీసుకుంటారు.
* ఎక్స్‌పైర్స్, మాక్స్-ఏజ్: గడువును తెలుపుతాయి. రెండూ ఉంటే మాక్స్-ఏజ్‌దే పైచేయి.
* సెక్యూర్: గుప్తీకరించిన హెచ్‌టీటీపీఎస్ మార్గంలో మాత్రమే పంపవలెనని చెబుతుంది.
* హెచ్‌టీటీపీఓన్లీ: పుటలోని జావాస్క్రిప్టుకు కుకీ కనబడకుండా చేస్తుంది. మైక్రోసాఫ్ట్ 2002లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 సర్వీస్ ప్యాక్ 1తో దీనిని ప్రవేశపెట్టినది.
* సేమ్‌సైట్: వేరొక సైటు నుండి మొదలైన అభ్యర్థనతో పాటు కుకీని పంపవచ్చునా లేదా అన్నది నిర్ణయిస్తుంది. ఇది బ్రౌజర్లకు సంబంధించినది.

## బ్రౌజరుకు, వెబ్ సేవ క్లయింటుకు భేదం

బ్రౌజరులో కుకీలను దాచే చోటు మొదటి నుండి సిద్ధంగా ఉంటుంది. దీనిని కుకీ జార్ (జాడీ) అంటారు. వెబ్ సేవల క్లయింటు లైబ్రరీలలో చాలా వాటికి ఈ జాడీ అడిగితేనే లభిస్తుంది. అందువలన బ్రౌజరులో చక్కగా పనిచేసిన సేవ ప్రోగ్రాము నుండి పిలిచినప్పుడు పనిచేయకపోవడం సర్వసాధారణం. ముఖ్యమైన కొన్ని లైబ్రరీల నడవడిక ఇలా ఉంటుంది.

* జావాలోని జాక్స్-డబ్ల్యూఎస్: సోప్ సేవలను పిలిచే ఈ విధానంలో సెషన్‌ను కొనసాగించే అమరిక (సెషన్ మెయింటెయిన్ ప్రాపర్టీ) అప్రమేయంగా "కాదు" అని ఉంటుంది. పిలిచే ప్రాక్సీ ఆబ్జెక్టు మీద దానిని "అవును" అని మార్చవలెను.
* జావాలోని హెచ్‌టీటీపీ క్లయింట్లు: 2006లో వచ్చిన జావా 6 నుండి కుకీ మేనేజర్ అనే తరగతి ఉన్నది. దానిని ప్రోగ్రాము ప్రత్యేకంగా అమర్చుకోవలెను. 2018లో జావా 11తో వచ్చిన కొత్త హెచ్‌టీటీపీ క్లయింటుకు కూడా ఇదే వర్తిస్తుంది.
* డాట్ నెట్‌లోని హెచ్‌టీటీపీ వెబ్ రిక్వెస్ట్: కుకీ కంటైనర్ అనే అమరిక అప్రమేయంగా ఖాళీ. అది ఖాళీగా ఉన్నంతవరకు ప్రతిస్పందనలోని కుకీల జాబితా కూడా ఖాళీగానే కనిపిస్తుంది, సర్వరు కుకీని పంపినా సరే. పాత ఏఎస్ఎంఎక్స్ సేవల ప్రాక్సీలకు కూడా కుకీ కంటైనర్‌ను విడిగా ఇవ్వవలసి ఉంటుంది.
* డబ్ల్యూసీఎఫ్: బేసిక్ హెచ్‌టీటీపీ బైండింగులో "అలౌ కుకీస్" అమరిక అప్రమేయంగా "కాదు".
* పైథాన్‌లోని రిక్వెస్ట్స్: గెట్, పోస్ట్ ఫంక్షన్లను నేరుగా పిలిస్తే ఒక పిలుపులోని కుకీ మరొక పిలుపుకు చేరదు. సెషన్ ఆబ్జెక్టును సృష్టించి దాని ద్వారా పిలిస్తే చేరుతుంది.
* కర్ల్: కుకీలను చదివే, దాచే ఐచ్ఛికాలను ఇస్తేనే వాటిని పట్టించుకుంటుంది. పీహెచ్‌పీ నుండి కర్ల్‌ను వాడినా ఇదే నియమం.
* నోడ్ జేఎస్: అందులో అంతర్భాగంగా ఉన్న ఫెచ్‌కు కుకీ జాడీ లేదు.

డాట్ నెట్‌లోని కొత్త హెచ్‌టీటీపీ క్లయింటు వీటికి భిన్నమైనది. అందులో కుకీలను దాచే అమరిక అప్రమేయంగా "అవును" అని ఉంటుంది. దీని వలన వేరొక రకమైన చిక్కు కలుగుతుంది. అది భద్రత విభాగంలో వివరించబడినది.

## దోషాన్ని కనుగొనే క్రమం

సెషన్ దోషాన్ని ఊహతో వెదకడం కష్టం, సందేశాలను చూసి వెదకడం సులభం. లాగిన్‌కు వచ్చిన ప్రతిస్పందన, ఆ తరువాత పంపిన అభ్యర్థన, దానికి వచ్చిన ప్రతిస్పందన - ఈ మూడింటి శీర్షికలను వరుసగా చదివితే దోషం ఏ వైపు ఉన్నదో చాలా వరకు తేలిపోతుంది. దీనికి క్లయింటు లైబ్రరీ లాగ్‌ను గానీ, కర్ల్‌లోని వెర్బోస్ ఐచ్ఛికాన్ని గానీ, ఫిడ్లర్, మిట్మ్‌ప్రాక్సీ వంటి ప్రాక్సీ పరికరాలను గానీ వాడవచ్చును. వైర్‌షార్క్ వంటి పరికరాలలో హెచ్‌టీటీపీఎస్ సందేశాలు గుప్తీకరించబడే కనిపిస్తాయి కనుక, తాళపు చెవులు ఇవ్వనిదే వాటితో శీర్షికలను చదవలేము.

చూసినప్పుడు ఈ క్రింది నాలుగు స్థితులలో ఏదో ఒకటి కనిపిస్తుంది.

1. లాగిన్ ప్రతిస్పందనలో సెట్-కుకీ లేదు. లాగిన్ అసలు జరిగి ఉండకపోవచ్చును. కొన్ని సేవలు లాగిన్ విఫలమైనా 200 ఓకే అనే పంపి, వైఫల్యాన్ని సందేశం లోపల తెలుపుతాయి. లేదా కుకీ దారి మళ్ళింపు ప్రతిస్పందనలో వచ్చి ఉండవచ్చును. లేదా మధ్యనున్న ప్రాక్సీ దానిని తొలగించి ఉండవచ్చును.
2. సెట్-కుకీ వచ్చినది, కానీ రెండవ అభ్యర్థనలో కుకీ లేదు. దోషం క్లయింటు వైపు ఉన్నది. జాడీ లేదు, లేదా జాడీ ఉన్నా డొమైన్, పాత్, సెక్యూర్, గడువు నియమాలలో ఒకటి కుదరలేదు.
3. రెండవ అభ్యర్థనలో కుకీ ఉన్నది, కానీ విలువ వేరు. క్లయింటు పాత విలువను పంపుతున్నది, లేదా రెండు జాడీలు ఉన్నాయి, లేదా విలువను కోసేటప్పుడు కొంత భాగం పోయినది.
4. అదే విలువ వెళ్ళినది, అయినా సర్వరు గుర్తుపట్టలేదు. దోషం సర్వరు వైపు ఉన్నది. సెషన్ గడువు తీరినది, లేదా సర్వరు తిరిగి ప్రారంభమైనది, లేదా అభ్యర్థన వేరొక సర్వరుకు చేరినది.

ఈ విభజన వలన లాభమేమిటంటే, క్లయింటు బృందం, సర్వరు బృందం ఒకరినొకరు అనుమానించుకుంటూ కాలం వృథా చేయవలసిన అవసరం ఉండదు. రెండవ స్థితిలో సర్వరు అమరికలను ఎంత మార్చినా ఫలితం అరుదు. నాలుగవ స్థితిలో క్లయింటును ఎంత దిద్దినా ఫలితం ఉండదు.

## తరచు కనిపించే కారణాలు

దారి మళ్ళింపు: చాలా సేవలు లాగిన్ కాగానే 302 అనే సంకేతంతో వేరొక చిరునామాకు మళ్ళిస్తాయి. సెట్-కుకీ ఆ 302 ప్రతిస్పందనలోనే ఉంటుంది. క్లయింటు లైబ్రరీ దానిని లోలోపలే అనుసరించి చివరి ప్రతిస్పందనను మాత్రమే ప్రోగ్రాముకు అందిస్తుంది. చివరి దానిలో కుకీ కోసం వెదికితే కనిపించదు. రిక్వెస్ట్స్ లైబ్రరీలో మధ్యలో వచ్చిన ప్రతిస్పందనలు "హిస్టరీ" అనే జాబితాలో ఉంటాయి. జాడీ లేని క్లయింటులో దారి మళ్ళింపును తాత్కాలికంగా నిలిపివేసి చూడవలెను.

పాత్ కుదరకపోవడం: పాత్ చెప్పకుండా /సేవ/లాగిన్ నుండి వచ్చిన కుకీ /సేవ క్రింది చిరునామాలకే వెళ్తుంది, /నివేదిక అనే చిరునామాకు వెళ్ళదు. సర్వరుకు ముందు రివర్స్ ప్రాక్సీ ఉన్నప్పుడు ఇది మరింత తరచుగా కలుగుతుంది. లోపలి సర్వరు తన లోపలి దారిని పాత్‌గా రాస్తుంది, బయటి క్లయింటుకు ఆ దారి తెలియదు.

పేరు మారిన సర్వరు: లోకల్‌హోస్ట్, 127.0.0.1 అన్నవి ఒకే కంప్యూటరును సూచించినా కుకీ నియమాల ప్రకారం రెండు వేర్వేరు పేర్లు. ఒక పేరుతో లాగిన్ అయి, మరొక పేరుతో సేవను పిలిస్తే కుకీ వెళ్ళదు.

సెక్యూర్ కుకీ, సాదా మార్గం: సెక్యూర్ గుర్తు ఉన్న కుకీని సాదా హెచ్‌టీటీపీ చిరునామాకు పంపకపోవడం క్లయింటు ధర్మం. పరీక్ష కోసం పెట్టిన సర్వర్లలో ఇది ఎక్కువగా ఎదురవుతుంది.

గడియారం: ఎక్స్‌పైర్స్‌లో తేదీ ఉంటుంది. దానిని క్లయింటు తన సొంత గడియారంతో పోల్చుకుంటుంది. క్లయింటు కంప్యూటరు తేదీ ముందుకు జరిగి ఉంటే కుకీ అందిన క్షణంలోనే గడువు తీరినట్లు లెక్క.

చేతితో కోయడం: కొందరు సెట్-కుకీ శీర్షికను తామే ముక్కలు చేసి విలువను తీసుకుంటారు. పలు సెట్-కుకీ శీర్షికలను కామాతో కలిపి, మళ్ళీ కామాల దగ్గర విడదీస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే ఎక్స్‌పైర్స్ తేదీలోనే వారం పేరు తరువాత కామా ఉంటుంది. అలాగే విలువ చివర సమాన గుర్తు ఉన్నప్పుడు, సమాన గుర్తులన్నిటి దగ్గర విరిస్తే విలువ కురచవుతుంది. లైబ్రరీ ఇచ్చే జాడీని వాడడమే దీనికి పరిష్కారం.

లాగిన్‌తో మారే సంఖ్య: లాగిన్ కాకముందు ఇచ్చిన గుర్తింపు సంఖ్యను లాగిన్ కాగానే మార్చడం భద్రతకు మంచి పద్ధతి. మొదటి సంఖ్యనే పట్టుకొని కూర్చున్న క్లయింటు దీని తరువాత లాగిన్ కాని వాడుగా మిగులుతుంది.

సెషన్ గడువు: కుకీకి గడువు లేకపోయినా సర్వరులోని సెషన్‌కు గడువు ఉంటుంది. టామ్‌క్యాట్‌లో అప్రమేయంగా 30 నిమిషాలు, ఏఎస్‌పీ డాట్ నెట్‌లో 20 నిమిషాలు. పీహెచ్‌పీలో 1440 సెకండ్లు గడిచిన సెషన్ దత్తాంశం తొలగింపుకు అర్హమవుతుంది. గంటకొకసారి సేవను పిలిచే ప్రోగ్రాముకు ఈ గడువులేవీ చాలవు. అటువంటి ప్రోగ్రాము, సెషన్ తీరినదని గుర్తించి మళ్ళీ లాగిన్ అయ్యేలా రాయబడవలెను.

పలు సర్వర్లు: పని భారాన్ని పంచే లోడ్ బ్యాలెన్సరు వెనుక పలు సర్వర్లు ఉండి, సెషన్ ఒక సర్వరు మెమరీలోనే ఉంటే, మరొక సర్వరుకు వెళ్ళిన అభ్యర్థన గుర్తింపు పొందదు. ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయకపోవడం దీని లక్షణం. కొన్ని బ్యాలెన్సర్లు క్లయింటును ఒకే సర్వరుకు పంపడానికి తామే మరొక కుకీని ఇస్తాయి. సెషన్ కుకీని మాత్రమే తిరిగి పంపి దీనిని వదిలివేసినా ఇదే దోషం కలుగుతుంది. కనుక వచ్చిన కుకీలన్నిటినీ తిరిగి పంపవలెను.

## ఒక ఉదాహరణ: మీడియావికీ ఏపీఐ

వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేరుకు ఒక వెబ్ ఏపీఐ ఉన్నది. వికీలలో పెద్ద సంఖ్యలో చిన్న మార్పులు చేసే బాట్లు దీనినే వాడతాయి, తెలుగు వికీపీడియాలో పనిచేసే బాట్లకు కూడా ఇదే మార్గం. కుకీతో నడిచే లాగిన్ ఇందులో మూడు మెట్లలో జరుగుతుంది. మొదట లాగిన్ టోకెనును అడగవలెను. తరువాత పేరు, సంకేతపదం, ఆ టోకెను కలిపి పంపి లాగిన్ కావలెను. ఆ తరువాత దిద్దుబాటు టోకెనును తెచ్చుకొని దిద్దుబాటు చేయవలెను.

లాగిన్ టోకెను సెషన్‌తో ముడిపడి ఉంటుంది. టోకెనును అడిగినప్పుడే ప్రతిస్పందనలో సెషన్ కుకీ కూడా వస్తుంది. జాడీ లేని క్లయింటు టోకెనును మాత్రమే తీసుకొని కుకీని వదిలివేస్తే, రెండవ మెట్టులో పేరు, సంకేతపదం రెండూ సరైనవే అయినా లాగిన్ విఫలమవుతుంది. సంకేతపదం తప్పేమోనని దానిని ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు.

మూడవ మెట్టులో మరొక సూచన దొరుకుతుంది. లాగిన్ కాని వారికి మీడియావికీ ఇచ్చే దిద్దుబాటు టోకెను ఎల్లప్పుడూ ఒకటే: ఒక ప్లస్ గుర్తు, దాని ప్రక్కన వెనుకకు వాలిన గీత. లాగిన్ అయిన తరువాత కూడా ఈ రెండు గుర్తులే టోకెనుగా వస్తే సెషన్ కుకీ సర్వరుకు చేరలేదని గ్రహించవలెను. దీనిని గమనించకుండా బాటు ముందుకు సాగితే, దిద్దుబాట్లు బాటు పేరున కాక ఐపీ చిరునామా పేరున గానీ, తాత్కాలిక ఖాతా పేరున గానీ నమోదు కావచ్చును. దీనిని నివారించడానికి ఏపీఐలో "అసర్ట్" అనే పరామితి ఉన్నది. దానికి "యూజర్" అన్న విలువ ఇస్తే, లాగిన్ లేనప్పుడు సర్వరు ఆ పనిని చేయకుండా దోష సందేశాన్ని పంపుతుంది. సెషన్ పోయినప్పుడు నిశ్శబ్దంగా తప్పు పని చేయడం కంటే ఆగిపోవడం మేలన్నది ఇందులోని సూత్రం.

## బ్రౌజరులోని స్క్రిప్టులు

క్లయింటు ప్రోగ్రాము బ్రౌజరులోనే నడిచే జావాస్క్రిప్టు అయినప్పుడు నియమాలు కొంత మారతాయి. సెట్-కుకీ శీర్షికను చదవడానికి స్క్రిప్టుకు బ్రౌజరు అనుమతి ఇవ్వదు. కనుక స్క్రిప్టులో అది కనిపించనంత మాత్రాన రాలేదని చెప్పలేము. బ్రౌజరు డెవలపర్ పరికరాలలోని నెట్‌వర్క్ విభాగంలో చూడవలెను.

స్క్రిప్టు ఉన్న సైటు, పిలిచే సేవ వేర్వేరు మూలాలకు చెందితే ఫెచ్ అప్రమేయంగా కుకీలను పంపదు. అందుకు క్రెడెన్షియల్స్ అమరికను "ఇన్‌క్లూడ్" అని మార్చవలెను. సర్వరు కూడా క్రెడెన్షియల్స్‌కు అనుమతి ఉన్నదని తన ప్రతిస్పందనలో తెలుపవలెను. అనుమతించిన మూలం స్థానంలో నక్షత్రపు గుర్తు కాకుండా ఆ సైటు చిరునామానే స్పష్టంగా రాయవలెను. 2020 ఫిబ్రవరిలో విడుదలైన క్రోమ్ 80తో, సేమ్‌సైట్ పేర్కొనని కుకీలను "లాక్స్" అని భావించే పద్ధతి మొదలైనది. అంతవరకు పనిచేసిన అనేక సేవలకు, వేరొక సైటు నుండి పిలిచినప్పుడు కుకీ వెళ్ళడం ఆగిపోవడానికి ఇది కారణమైనది. అటువంటి కుకీకి సేమ్‌సైట్ విలువను "నన్" అని ఇచ్చి, సెక్యూర్ గుర్తును కూడా చేర్చవలెను.

## తెలుగు అక్షరాలు, కుకీ విలువ

కుకీ విలువలో ఆస్కీ అక్షరాలలో కొన్ని మాత్రమే ఉండాలని ఆర్ఎఫ్‌సి 6265 చెబుతుంది. ఖాళీ, కామా, సెమికోలన్ కూడా నిషిద్ధం. కనుక వాడుకరి పేరు వంటి తెలుగు పాఠాన్ని నేరుగా కుకీలో పెడితే కొన్ని క్లయింట్లు దానిని పాడుచేస్తాయి, కొన్ని తిరస్కరిస్తాయి. అటువంటి పాఠాన్ని సాధారణంగా శాతం గుర్తుతో కూడిన సంకేతాలుగా మార్చి పంపుతారు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. "తెలుగు" అన్న మాటలో గుణింతపు గుర్తులతో కలిపి 6 సంకేతాలు ఉన్నాయి. అంటే 18 బైట్లు, శాతం గుర్తులతో మార్చిన తరువాత 54 అక్షరాలు. ఒక్కొక్క కుకీకి కనీసం 4096 బైట్ల వరకు చోటివ్వాలన్నది క్లయింట్లకు చేసిన సూచన. అంతకు మించితే అది నిలుస్తుందన్న భరోసా లేదు. అందుచేత కుకీలో గుర్తింపు సంఖ్యను మాత్రమే ఉంచి, పేర్లను సర్వరులోనే ఉంచుకోవడం శ్రేయస్కరం.

## భద్రత

సెషన్ కుకీ ఎవరి చేతిలో ఉంటే సర్వరు దృష్టిలో వారే ఆ వాడుకరి. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ విడుదల చేసిన ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు దీనిని బహిరంగంగా నిరూపించినది. సంకేతపదం లేని వైఫైలో సాదా హెచ్‌టీటీపీ మార్గాన వెళ్తున్న సెషన్ కుకీలను పట్టుకొని, వేరొకరి ఖాతాలోకి ప్రవేశించవచ్చునని అది చూపినది. లాగిన్ పుటకు మాత్రమే గుప్తీకరణ ఉంటే చాలదని, మొత్తం సంభాషణకు హెచ్‌టీటీపీఎస్ అవసరమని దీనితో విస్తృతంగా తెలిసివచ్చినది.

వెబ్ సేవల క్లయింట్లలో దీనికి తోడు మరొక ప్రమాదం ఉన్నది. ఒక సర్వరు ప్రోగ్రాము అనేకమంది వాడుకరుల తరఫున వెనుకనున్న మరొక సేవను పిలుస్తూ ఉండవచ్చును. వేగం కోసం ఒకే క్లయింటు ఆబ్జెక్టును అందరికీ వాడటం మంచి పద్ధతే. కానీ ఆ ఆబ్జెక్టుకు కుకీ జాడీ ఉంటే జాడీ కూడా అందరికీ ఒకటే అవుతుంది. అప్పుడు ఒక వాడుకరికి వచ్చిన సెషన్ కుకీ మరొక వాడుకరి అభ్యర్థనతో వెళ్ళవచ్చును. ప్రోగ్రామును ఒక్కరే పరీక్షించినప్పుడు ఈ దోషం బయటపడదు, ఒకే సమయంలో ఇద్దరు వాడినప్పుడే బయటపడుతుంది. డాట్ నెట్‌లోని హెచ్‌టీటీపీ క్లయింటును పంచుకునే ప్రోగ్రాములలో దీనిని ప్రత్యేకంగా చూసుకోవలెను. ప్రతి వాడుకరికి వేరు జాడీ ఇవ్వడం గానీ, జాడీని పూర్తిగా తీసివేసి ప్రతి అభ్యర్థనకు సరైన కుకీని విడిగా జతచేయడం గానీ దీనికి పరిష్కారం. పరీక్షలలో కనీసం ఇద్దరు వాడుకరులు ఉండవలెను.

దోషాన్ని వెదకడం కూడా ప్రమాదానికి దారి తీయవచ్చును. శీర్షికలను లాగ్‌లో రాసుకున్నప్పుడు సెషన్ విలువలు కూడా అందులో చేరతాయి. సాయం కోరుతూ లాగ్‌ను ఇతరులకు పంపేముందు ఆ విలువలను చెరిపివేయవలెను. విలువ ఒకటేనా కాదా అని పోల్చడానికి మొదటి నాలుగైదు అక్షరాలు చాలును. పని పూర్తయిన తరువాత లాగౌట్ అయి ఆ సెషన్‌ను ముగించవలెను. "సెక్యూర్ గుర్తును తీసివేస్తే పనిచేస్తున్నది" అన్నది పరీక్షలో ఒక ఆధారమే గానీ పరిష్కారం కాదు.

## ప్రత్యామ్నాయాలు

వెబ్ సేవలకు కుకీ తగినది కాదన్న వాదన కూడా ఉన్నది. రెస్ట్ నిర్మాణ శైలిని ప్రతిపాదించిన రాయ్ ఫీల్డింగ్ 2000లో సమర్పించిన తన పరిశోధనా గ్రంథంలో, కుకీలు ఆ శైలికి పొసగవని విమర్శించాడు. ప్రతి అభ్యర్థనలోనూ దానిని అర్థం చేసుకోవడానికి కావలసినదంతా ఉండాలన్నది ఆ శైలి సూత్రం.

2012 అక్టోబరులో ఓఆత్ 2.0 ఆర్ఎఫ్‌సి 6749గా వెలువడిన తరువాత, టోకెనును "ఆథరైజేషన్" శీర్షికలో పంపే పద్ధతి వ్యాప్తి చెందినది. ఈ పద్ధతిలో క్లయింటు టోకెనును తానే ప్రతి అభ్యర్థనకు జతచేస్తుంది కనుక జాడీ, పాత్, డొమైన్ నియమాలతో పని లేదు. అయితే టోకెనుకు కూడా గడువు ఉంటుంది, టోకెను దొంగిలించబడినా ప్రమాదమే, అందరికీ ఒకే టోకెను వాడినా దత్తాంశం కలగాపులగమవుతుంది. చీటీ రూపం మారినదే గానీ దానిని సరైన వ్యక్తి సరైన చోట చూపవలసిన అవసరం మారలేదు. కనుక పైన చెప్పిన పరిశోధన క్రమం, అంటే సర్వరు ఏమి ఇచ్చినది, క్లయింటు ఏమి తిరిగి పంపినది, సర్వరు దానిని గుర్తించినదా అని వరుసగా చూడడం, టోకెన్లకు కూడా వర్తిస్తుంది.